అమెరికాలో బయట తిండి: కౌంటరా, టేబులా, బఫేనా, డెలివరీనా?

మా మేనమామ కొడుకు ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ వచ్చాడు. వచ్చిన మూడో వారంలో, రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో రెండు స్క్రీన్‌షాట్లు పెట్టాడు. శుక్రవారం కార్డు మీద 43.30 డాలర్లు పడింది. ఆదివారానికి అదే ఖర్చు 51.30 అయి కూర్చుంది. “బావా, కార్డు హ్యాక్ అయినట్టుంది, బ్లాక్ చేయించనా?” అని కింద మెసేజి.

హ్యాకూ లేదు, ఏమీ లేదు. రూమ్మేటుతో కలిసి ఒక మెక్సికన్ హోటల్‌కి వెళ్ళాడు, కూర్చుని తినే చోటు. తిన్నది 40 డాలర్లకి. డాలస్ చుట్టుపక్కల అమ్మకపు పన్ను 8.25 శాతం, అంటే 3.30. రసీదు మీద ‘టిప్’ అని ఖాళీ గీత కనబడితే రూమ్మేటు చకచకా 8 అని రాసి వీడి చేత సంతకం పెట్టించాడు. కార్డు గీకిన క్షణంలో బ్యాంకు యాప్‌లో టిప్ లేని మొత్తమే కనిపిస్తుంది. హోటల్ వాళ్ళు ఆ రోజు లెక్క కట్టుకున్నాక, ఒకటి రెండు రోజులకి, టిప్ కలిసిన మొత్తం వస్తుంది. ఈలోగా మావాడు ఆ ఎనిమిది డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసుకున్నాడు. ఏడొందలు. వాడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నేను నమ్ముతాను.

నేనిక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఏటా ఆగస్టులోనూ జనవరిలోనూ ఎవరో ఒక తమ్ముడో చెల్లెలో ఇదే అడుగుతారు: ఎక్కడ తింటే చవక, ఎక్కడ తింటే గొడవ లేదు? మెనూలో ధరలు పోల్చి చెప్పమంటారు. మెనూ ధర చూసి చోటు ఎంచుకుంటే ఈ దేశంలో బోల్తా పడతారు. ముందు చూసుకోవాల్సింది, మీరు ఎవరితో వెళ్తున్నారు? తినబోయేదాంట్లో ఏముందో అడిగి తెలుసుకునే వీలు అక్కడ మీకు ఎంత ఉంది? ఆ తరవాతే ధర.

టేబుల్ దగ్గర కూర్చునే చోటు

మొదట దీని సంగతే చూద్దాం, ఎందుకంటే తెలియనితనంతో అవమానపడేది ఎక్కువగా ఇక్కడే.

నా మొదటి అనుభవం చెప్తాను. లోపలికి వెళ్ళాను, కిటికీ పక్క టేబుల్ ఖాళీగా ఉంది, వెళ్ళి కూర్చున్నాను. మన గుంటూరులో అయితే ఈపాటికి కుర్రాడు నీళ్ళ గ్లాసు పెట్టి “ఏం కావాలి సార్” అనేవాడు. ఇరవై నిమిషాలు గడిచాయి. పక్క టేబుళ్ళకి అన్నీ వెళ్తున్నాయి, నా వైపు చూసేవాడు లేడు. నా రంగు చూసి రావట్లేదేమో అని కూడా అనుకున్నాను. విషయం అది కాదు. తలుపు దగ్గర ‘కూర్చోబెట్టేదాకా ఆగండి’ అని బోర్డుంది, నేను చూడలేదు. అక్కడ నిలబడే అమ్మాయి మనల్ని ఏ టేబుల్‌లో కూర్చోబెడితే ఆ టేబుల్ ఏ సర్వర్ వంతులోదో వాళ్ళకి లెక్క. నా అంతట నేను కూర్చునేసరికి నేను ఎవరి లెక్కలోనూ లేను. అంతే.

కాబట్టి తలుపు దగ్గర ఆగండి, ఎంతమందో చెప్పండి. కూర్చున్నాక ఒకే మనిషి మీ సర్వర్. వేరే వాళ్ళని పిలిచి అడిగితే చిరునవ్వుతో “మీ సర్వర్‌కి చెప్తాను” అంటారు. చిటికె వెయ్యడం, “బాస్”, “బ్రదర్” అని కేకెయ్యడం కుదరదు. కళ్ళు కలిసినప్పుడు చెయ్యి కొంచెం ఎత్తితే చాలు. నోటినిండా ముద్ద ఉన్నప్పుడే వచ్చి “అంతా బాగుందా?” అని అడుగుతారు, అదేం లీలో. తల ఊపండి. కాసేపటికి వచ్చి “ఆర్ యూ స్టిల్ వర్కింగ్ ఆన్ దట్?” అంటారు. అన్నం తినడం కూడా వీళ్ళకి పనేనా అని మా నాన్న నవ్వారు. తినడం అయిపోయిందా, ప్లేటు తియ్యమంటారా అని దానర్థం.

నీళ్ళు ఉచితం, గ్లాసు నిండా ఐసుతో. ఐసు వద్దంటే “నో ఐస్” అని ముందే చెప్పాలి. కోక్ లాంటివి చాలాచోట్ల ఒకసారి డబ్బు కడితే ఎన్నిసార్లయినా నింపుతారు. మిగిలింది డబ్బాలో పెట్టుకుని తీసుకెళ్ళడానికి ఇక్కడ ఎవరూ సిగ్గుపడరు, బాక్సు కావాలంటే తెచ్చిస్తారు. ఒక్క ప్లేటు మన ఇద్దరికి సరిపోతుంది గనక ఇది తెలిసినవాడికి టేబుల్ భోజనం మరీ ఖరీదు కాదు. కొన్నిచోట్ల ఒక ప్లేటుని ఇద్దరికి పంచి తెమ్మంటే రెండు మూడు డాలర్లు అదనంగా వేస్తారు. పంచమని అడక్కుండా ఖాళీ ప్లేటు ఒకటి ఇమ్మంటే ఏమీ అనరు.

ఇక టిప్పు. మన దగ్గర టిప్ అంటే సంతోషం కొద్దీ ఇచ్చేది. సాసర్‌లో సోంపు, చిల్లర, దాని మీద పది రూపాయల నోటు. పైగా సర్వీస్ ఛార్జీని బిల్లులో బలవంతంగా కలపకూడదని ఇండియాలో 2022లో వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ గాలి పీల్చి వచ్చినవాడికి ఇక్కడి లెక్క దోపిడీలాగే కనిపిస్తుంది. కానీ లోపలి సంగతి ఇది. ఫెడరల్ చట్టం ప్రకారం టిప్పులొచ్చే ఉద్యోగికి యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు. ఈ అంకె 1991 నుంచి మారలేదు. టిప్పులతో కలిపి కూడా గంటకి 7.25 రాకపోతే తేడా యజమాని కట్టాలి. టెక్సాస్‌లో నడిచేది ఈ 2.13 లెక్కే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో సర్వర్‌కి కూడా రాష్ట్రపు పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే, అయినా అక్కడా జనం టిప్ మానలేదు. కాబట్టి టేబుల్ దగ్గర కూర్చున్నారంటే మెనూ ధరకి నాలుగో వంతుకి పైగా కలుపుకుని చూసుకోండి. పన్ను ఎనిమిది చిల్లర, టిప్ పద్దెనిమిది నుంచి ఇరవై. అదే అసలు ధర.

టిప్ ఎగ్గొట్టి బయటపడొచ్చా? బయటపడొచ్చు, పోలీసులేం రారు. కానీ దానికి నేను ఒప్పుకోను. ఆ డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే కౌంటర్ దగ్గరకి వెళ్ళండి, అక్కడ మీరు ఎవరికీ బాకీ పడరు. గంటన్నర కూర్చుని, మూడుసార్లు నీళ్ళు పోయించుకుని, ఖాళీ గీత మీద సున్నా చుట్టి వచ్చే మనవాళ్ళని చూశాను. వాళ్ళ తరవాత ఆ టేబుల్‌కి వెళ్ళిన మనవాళ్ళకి ఎలాంటి మర్యాద దొరుకుతుందో ఊహించుకోండి.

లెక్క కట్టడం తేలిక. పన్ను కలపకముందు ఉన్న మొత్తంలో చుక్కని ఒక అంకె ఎడమకి జరిపితే పది శాతం, దాన్ని రెట్టింపు చేస్తే ఇరవై. 40కి 4, రెట్టింపు 8. మా మామ కొడుకు రూమ్మేటు చేసింది సరిగ్గా ఇదే. కార్డుని నల్లటి ఫోల్డర్‌లో పెట్టి ఇస్తే సర్వర్ తీసుకెళ్ళి గీకి, రెండు కాగితాలతో తిరిగి తెస్తారు. ఓటీపీకి, పిన్‌కి అలవాటైనవాళ్ళకి కార్డు కంటికి కనబడకుండా పోవడం గుండె గుభేలుమనే విషయమే. ఇక్కడ అది మామూలు. ఈ మధ్య చాలాచోట్ల చేతి మెషిన్ టేబుల్ దగ్గరకే తెస్తున్నారు. రెండు కాగితాల్లో ‘మర్చంట్ కాపీ’ మీద టిప్, మొత్తం రాసి సంతకం పెట్టి అక్కడే వదిలెయ్యాలి. రెండోది మీది, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.

ఒక్క జాగ్రత్త. ఆరుగురు, అంతకన్నా ఎక్కువ మంది వెళ్తే చాలా హోటళ్ళు పద్దెనిమిది శాతమో, ఇరవయ్యో వాళ్ళే బిల్లులో కలిపేస్తాయి. బిల్లులో ‘గ్రాట్యుటీ’ అని వేరే వరస ఉంటుంది. అది చూసుకోకుండా ఒకసారి తొమ్మిది మందిమి కింద గీత మీద మళ్ళీ ఇరవై శాతం రాసి వచ్చాం. మా నాన్న రిటైరయిన ప్రభుత్వోద్యోగి. మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు ఆ వరస చదివి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. “గ్రాట్యుటీ అంటే నేను దిగిపోయేటప్పుడు గవర్నమెంటు నాకిచ్చిందిరా. ఇక్కడ నేనివ్వాలా?”

ఈ లెక్కలన్నీ అమెరికావి, వేరే దేశానికి మూటగట్టుకెళ్ళకండి. జపాన్‌లో టిప్ వదిలితే మరిచిపోయారనుకుని వెనక పరిగెత్తి తెచ్చిస్తారు. జర్మనీలో నీళ్ళు కూడా కొనాలి, చెప్పకపోతే గ్యాస్ నీళ్ళే తేవచ్చు. టిప్‌ని కాగితం మీద రాయరు, ఎంత తీసుకోవాలో నోటితో చెప్తారు. బ్రిటన్‌లో పన్నెండున్నర శాతం బిల్లులోనే ఉండటం మామూలు, ఆ డబ్బంతా పనివాళ్ళకే చేరాలని 2024 అక్టోబరు నుంచి అక్కడ చట్టం.

కౌంటర్ దగ్గర నిలబడేది

కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి ఆరు నెలలు నా ఓటు దీనికే. చవక కాబట్టి మాత్రమే కాదు. కళ్ళ ముందు అన్నీ గిన్నెల్లో కనబడతాయి, వేలు పెట్టి చూపించొచ్చు, యాసతో తడబడినా పని జరిగిపోతుంది.

చిపోట్లే అని దేశమంతా కొట్లున్న మెక్సికన్ తిండి కంపెనీ, ఇందుకు మంచి బడి. వరసలో నిలబడి అన్నం, చిక్కుళ్ళు, కూరగాయలు, సల్సా అని చూపించుకుంటూ ముందుకి నడవడమే. మాంసం వద్దనుకుని ‘వెజీ బౌల్’ అంటే గ్వాకమోలీ, అంటే అవకాడో పచ్చడి, అదనపు డబ్బు లేకుండా వేస్తారు. ఆ ఒక్క ముక్క తెలియక రెండేళ్ళు దానికి వేరే డబ్బు కట్టినవాళ్ళున్నారు. చేతి తొడుగులు మార్చుకోమని అడిగితే విసుక్కోకుండా మార్చుకుంటారు. బౌల్ పన్నెండు డాలర్లనుకుంటే పన్నుతో 12.99. టిప్ అక్కర్లేదు. సగం తిని సగం రాత్రికి దాచుకోవచ్చు.

డబ్బు కట్టే ట్యాబ్‌ని మీ వైపు తిప్పి 18, 20, 25 శాతం అని మూడు గళ్ళు చూపిస్తారు. వెనక వరసలో ఉన్నవాళ్ళు చూస్తున్నారన్న మొహమాటంతో మావాడు ఒక కాఫీ కొట్టులో ఇరవై అయిదు నొక్కి వచ్చాడు, కాఫీ చేసిచ్చిన వాడి మొహం కూడా చూడకుండా. ‘నో టిప్’ అన్న గడి చిన్న అక్షరాల్లో కింద ఉంటుంది, హాయిగా నొక్కండి. నేను పాటించే సూత్రం ఒకటే: తిండి నా దగ్గరకి మోసుకొస్తే టిప్, నేనే వెళ్ళి తెచ్చుకుంటే లేదు. రోజూ వెళ్ళే చోట, మన పేరు గుర్తుపెట్టుకున్న మనిషికి ఒక డాలరు పెడితే అది వేరే సంగతి.

చెప్పుకోవాల్సిన లోపం ఒకటుంది. ఎదురుగా ఉన్న మనిషికి వంటలో ఏం కలిపారో తెలియకపోవచ్చు, వెనక వరస పెద్దది, నాలుగు ప్రశ్నలు అడిగే వీలుండదు. మెక్‌డొనాల్డ్స్ ఫ్రెంచ్ ఫ్రైస్ సంగతి చాలామందికి ఇప్పటికీ తెలియదు. అమెరికాలో వాటిలో గొడ్డుమాంసపు రుచి కలుపుతారు. దీని మీద హిందువులు, శాకాహారులు 2001లో కోర్టుకెళ్ళారు, 2002లో ఆ కంపెనీ కోటి డాలర్లకి రాజీ పడింది, ఫ్రైస్ తయారీ మాత్రం మారలేదు. బంగాళదుంపే కదా అని నమ్మి తింటున్నవాళ్ళకి ఇది ఎవరో ఒకరు చెప్పాలి కదా.

విద్యార్థులకి ఇంకో మాట. క్యాంపస్‌లో డైనింగ్ హాల్ ఉద్యోగం దొరికితే కళ్ళకద్దుకుని చెయ్యండి. చదువు నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలు, చట్టబద్ధం, చాలాచోట్ల షిఫ్టు రోజు భోజనం కూడా కలిసొస్తుంది. అమెరికన్ తిండి పేర్లన్నీ నెలలో నోటికొస్తాయి. బయట మనవాళ్ళ హోటల్లో చేతికి డబ్బిచ్చి పని చేయించుకుంటామంటే వెళ్ళకండి. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద అది పోగొట్టేది బిర్యానీ ఖరీదు కాదు, ఆ వీసానే.

మన హోటల్ బఫే

డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు వారాంతం మధ్యాహ్నం ఏ తెలుగు హోటల్‌కి వెళ్ళినా పెళ్ళి భోజనాల సందడే. గోంగూర మటన్, గుత్తి వంకాయ, పప్పుచారు, రెండు రకాల బిర్యానీ, చివర డబల్ కా మీఠా. నెలకోసారి వెళ్తే ప్రాణం లేచొస్తుంది. ప్రతి ఆదివారమూ వెళ్తే సోమవారం ఆఫీసులో నిద్రొస్తుంది.

మేం నలుగురం వెళ్ళినప్పుడు ఏది బాగుంటుందని వాదన రాలేదంటే అది బఫేలోనే. పిల్లలు నాన్, అమ్మ పెరుగన్నం, ఎవరికి కావాల్సింది వాళ్ళకి. ఏముందో చూసి వేసుకోవచ్చు, పేర్లు కూడా మనవే. చేత్తో తిన్నా వింతగా చూసేవాళ్ళుండరు. టిప్ కూడా తక్కువ, పది శాతం పెడితే మర్యాదే, ప్లేట్లు తీసేవాళ్ళకి అది.

కానీ ఆలస్యంగా వెళ్తే ట్రేలో అడుగంటిన బిర్యానీ, ఎండిపోయిన పూరీ మిగులుతాయి. తలుపులు తెరిచిన అరగంటలోపు వెళ్ళండి. మిగిలింది డబ్బాలో పెట్టమని బఫేలో అడగకూడదు, టేబుల్ భోజనానికీ దీనికీ అదే తేడా. ఇక అదే హోటల్లో మెనూ నుంచి దోశ చెప్పుకున్నప్పుడు రెండోసారి సాంబారు, చట్నీ అడిగితే చాలాచోట్ల డబ్బు వేస్తారు. ఊళ్ళో బకెట్టుతో తిరుగుతూ “సాంబార్... సాంబార్...” అని అడక్కుండానే పోసిన రోజులు గుర్తొచ్చి కడుపు మండుతుంది. దీనికి మందు లేదు.

కారం ఎంత అని అడుగుతారు: మైల్డ్, మీడియం, స్పైసీ. మన హోటల్లో ‘మీడియం’ అంటే నిజంగా మీడియమే. థాయ్ హోటల్లో “థాయ్ హాట్” అని మాత్రం గుంటూరు మొనగాడితనం చూపించకండి. నేను చూపించాను. మర్నాడు ఉదయం దాకా గుర్తుంది.

డెలివరీ, మనమే వెళ్ళి తెచ్చుకోవడం

స్విగ్గీ, జొమాటో చేతుల్లో పెరిగిన వాళ్ళకి డోర్‌డ్యాష్, ఊబర్ ఈట్స్ పుట్టింటి చుట్టాల్లా అనిపిస్తాయి. లెక్క వేసి చూడండి. హోటల్లో 16 డాలర్లున్న బిర్యానీని నేనే వెళ్ళి తెచ్చుకుంటే పన్నుతో 17.32. అదే బిర్యానీ పోయిన వారం ఒక యాప్‌లో చూస్తే 18.50. దాని మీద సర్వీసు రుసుము 2.78, డెలివరీ 2.99, పన్ను 1.53, టిప్ 4. మొత్తం 29.80. పన్నెండున్నర డాలర్లు పది నిమిషాల డ్రైవ్ కోసం. కారు లేని విద్యార్థికి, జ్వరంతో పడుకున్నవాడికి, మంచు తుపాను రోజున తప్పదు. మామూలు రోజున బద్ధకానికి అంత ఖరీదు కట్టలేం. ఇక్కడ టిప్ ముందే పెట్టాలి, తక్కువ పెడితే ఆ ఆర్డర్ తీసుకోవడానికి డ్రైవర్లు ముందుకి రారు.

యాప్ వాడేవాళ్ళకి నాదో సలహా: బిర్యానీ, పప్పు, కూరలు ప్రయాణానికి తట్టుకుంటాయి. దోశ, పూరీ, పునుగులు తట్టుకోవు. డబ్బాలో ఆవిరి పట్టిన దోశ తిన్నాక దోశ మీదే విరక్తి పుడుతుంది. హోటల్‌కి నేరుగా ఫోన్ చేసి చెప్పి, వెళ్ళి తెచ్చుకోవడం అన్నిటికన్నా చవక. అలా తెచ్చుకున్నదానికి టిప్ తప్పనిసరి కాదు.

నాలుక మీద ఉండాల్సిన మాటలు

ఏ చోటు ఎంచుకున్నా కొన్ని మాటలు తెలియకపోతే ప్లేటులో వేరేదొస్తుంది. ‘పార్సెల్’ అనకండి, ఇక్కడ పార్సెల్ అంటే పోస్టులో వచ్చేది. ‘టు గో’ అనాలి. బిల్లుని ‘చెక్’ అంటారు. ‘హ్యాంబర్గర్’ గొడ్డుమాంసానిది. ‘పెపరోనీ’ పిజ్జా మీద ఉండేది మిరపకాయ కాదు, మామూలుగా పందిమాంసం, గొడ్డుమాంసం కలిపి చేసింది. ‘బిస్కెట్స్ అండ్ గ్రేవీ’ అని చూసి పార్లేజీని, కూరనీ ఊహించుకున్నవాడికి మెత్తటి రొట్టె మీద పంది సాసేజ్ కలిపిన తెల్లటి గ్రేవీ వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద ఉచ్చు ‘చిలీ’. మెనూలో ఆ మాట చూసి మిరపకాయ కూర అనుకుంటాం. టెక్సాస్‌లో అది ఎండుమిరపతో ఉడికించిన గొడ్డుమాంసం, 1977లో ఈ రాష్ట్రం దాన్ని అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. ఆఫీసులో మొదటి చలికాలం నేను ఒక గిన్నె చేతిలోకి తీసుకుని చెంచా పెట్టేలోపు పక్క సీటు పంజాబీ ఆయన చెప్పాడు కాబట్టి తెలిసింది.

శాకాహారులు ‘వెజిటేరియన్’ అని ఊరుకుంటే చాలదు. ఇక్కడ ఆ మాటలో గుడ్డు కలిసే ఉంటుంది. కొందరి లెక్కలో చికెన్ ఉడికిన నీళ్ళతో చేసిన సూపు కూడా వెజిటేరియనే. ఇండియాలోలా పచ్చ చుక్క కనబడదు. మెక్సికన్ హోటల్లో చిక్కుడు ముద్దలో పందికొవ్వు ఉందా, అన్నం చికెన్ నీళ్ళలో వండారా అని అడగండి. థాయ్‌లో చేపల సాస్, జపనీస్‌లో మీసో సూపులో చేప, సీజర్ సలాడ్‌లో కూడా చేపే. నేనైతే ‘వీగన్ ఏముంది?’ అని మొదలుపెడతాను. అప్పుడు గుడ్డు, మాంసం, చేప మూడూ ఒక్క దెబ్బకి పోతాయి. పాలు, నెయ్యి కావాలంటే తరవాత కలుపుకోవచ్చు. ఇన్ని ప్రశ్నలు ఓపికగా విని, వంటగదిలోకి వెళ్ళి కనుక్కుని వచ్చేది టేబుల్ దగ్గర సర్వరే. నిష్ఠగా ఉండేవాళ్ళకి ఆ ఇరవై శాతం నిజానికి దానికే కడుతున్నట్టు.

ఎవరితో వెళ్తే ఎక్కడికి

ఒంటరిగా, పనుల మధ్య అయితే కౌంటర్. ఇంకో ఆలోచన అక్కర్లేదు.

ఆఫీసు వాళ్ళతో అయితే వాళ్ళు పిలిచిన చోటికే, అది టేబుల్ చోటే అవుతుంది. అందరి ప్లేట్లూ వచ్చేదాకా మొదలుపెట్టరు. పక్కవాడి ప్లేటులోంచి ముక్క తీసుకోవడం మన స్నేహం, వాళ్ళకి అది కొత్త. ఎవరైనా “లంచ్‌కి వెళ్దాం” అంటే వాళ్ళు పెట్టిస్తారని కాదు, ఎవరిది వాళ్ళే కడతారు. ఆర్డర్ ఇచ్చేటప్పుడే “సెపరేట్ చెక్స్” అని చెప్తే అందరికీ హాయి. చెక్ వచ్చాక “నేనిస్తా, కాదు నేనిస్తా” అని చేతులు పట్టుకుని లాక్కోవడం మన మర్యాద. ఇక్కడ నిజంగానే మీకు వదిలేస్తారు. నాకు ఒకసారి వదిలేశారు, ఏడుగురిది.

మన స్నేహితుల గుంపయితే బఫే, లేదా ఎవరింట్లోనైనా తలా ఒకటి వండుకొచ్చుకోవడం. బయటికెళ్తే ఒకడు కార్డు గీకి, ఇంటికెళ్ళాక స్ప్లిట్‌వైజ్ అనే ఖర్చులు పంచుకునే యాప్‌లో ఎక్కించండి. టిప్పు కూడా కలిపి ఎక్కించండి. స్నేహాలు చెడేది ఆ ఎనిమిది డాలర్ల దగ్గరే. బీరు తాగే ఉద్దేశం ఉంటే ఇరవై ఒకటి నిండినట్టు గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. ఇండియా లైసెన్సు చాలాచోట్ల ఒప్పుకోరు, పాస్‌పోర్టు కావాలి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే ఎంపిక తల్లకిందులవుతుంది. వచ్చిన మొదటి వారంలోనే తెలుగు హోటల్‌కి తీసుకెళ్ళడం నేను చేసిన తప్పు. “ఇంతకన్నా మన ఇంట్లోనే బాగుంటుంది” అని అమ్మ తేల్చేసింది, నిజమే కూడా. వాళ్ళు వచ్చింది ఇక్కడి బతుకు చూడ్డానికి. ఛీజ్‌కేక్ ఫ్యాక్టరీ లాంటి చోట రెండొందలకి పైగా వంటకాలున్న మెనూ పుస్తకం చేతికిస్తే కంగారు పడతారు. మెనూ ముందురోజే ఇంట్లో ఫోన్‌లో చూసి రెండు మూడు ఎంచి పెట్టుకోండి. ఆలివ్ గార్డెన్‌లో మినెస్ట్రోన్ సూపు, సలాడ్, రొట్టె కడ్డీలు ఎన్నిసార్లయినా తెస్తారు, ఆ సూపులో మాంసం ఉండదు. మా వాళ్ళు రెండుసార్లు అడిగి వెళ్ళిన ఒకే ఒక్క అమెరికన్ చోటు అది. నాన్నకి నచ్చింది ఆ “ఎన్నిసార్లయినా” అన్న మాట. బకెట్టు సాంబారు మర్యాద ఇక్కడొక చోట దొరికిందన్నారు.

తొమ్మిదింటికి భోజనానికి బయల్దేరే అలవాటు ఉంటుంది వాళ్ళకి. మామూలు రోజుల్లో చాలా వంటగదులు ఆ వేళకి మూసేస్తారు, కాబట్టి సాయంత్రం ఆరింటికే వెళ్ళండి. చేతులు కడుక్కునే సింకు హాల్లో ఉండదు, బాత్‌రూమ్‌లోనే, ఆ సంగతి ముందే చెప్పండి. ఏసీ ఎముకలు కొరికేస్తుంది, ఆగస్టులో కూడా శాలువా కార్లో ఉంచండి. టిప్ ఎంత ఇస్తున్నారో రూపాయల్లో మాత్రం చెప్పకండి.

వేడినీళ్ళు అడగడానికి మొహమాటపడకండి. మామూలుగా డబ్బు తీసుకోరు. టీ కప్పులో పోసి పక్కన నిమ్మచెక్క పెట్టి తెస్తారు. మా అమ్మ మొదటిసారి దాన్ని చూసి, చేతులు కడుక్కోవడానికనుకుని వేళ్ళు ముంచబోయింది. రెండో నెలకి నేను నోరు తెరిచేలోపే సర్వర్ అమ్మాయి వైపు చూసి తనే చెప్పేది, “హాట్ వాటర్. నో లెమన్.”